బెల్లం నీళ్లు పోసిన గుంజ

మా ఇంటి వెనక, బర్రెల కొట్టం పక్కన, ఎనిమిదడుగుల డిష్షు ఒకటి ఇరవై ఏళ్లు బోర్లా పడి ఉండేది. నా కొడుకు నరసింహ పెళ్లికి ముందు ఊరంతటికీ కేబుల్ కనెక్షన్లు ఇస్తానని తెచ్చాడు దాన్ని. మేడ్చల్ నుంచి ట్రాక్టరు మీద వస్తుంటే, దేవుడి గొడుగు ఊరేగుతున్నట్టు పిల్లలంతా వెంటపడ్డారు. నాలుగేళ్లు నడిపాడు. ఆ తర్వాత ఇంటింటికీ చిన్న డిష్షులొచ్చాయి, వాటి వెనకే భూములకు ధరలొచ్చాయి, వాడు ప్లాట్ల పనిలో పడ్డాడు. పెద్ద డిష్షును దించి కొట్టం పక్కన బోర్లించాడు.

వాడికి అక్కరకు రాకపోయినా నాకు వచ్చింది. దాని కింద కోళ్లు పొదిగాయి. ఎండాకాలం వెల్లకిలా తిప్పి పాత చీర పరిచి మిరపకాయలు ఎండబోసేదాన్ని. జాలీ కదా, కింది నుంచి కూడా గాలి తగిలి రెండు రోజుల్లో గలగలలాడేవి. జీడిమెట్ల పాత ఇనుము వాళ్లకు ఇచ్చేస్తానని నరసింహ రెండుసార్లు ఆటో పిలిపించాడు. రెండుసార్లూ నేనే వెనక్కి పంపాను. ఒక్కసారి ఊరుకుని ఉంటే ఎంకయ్య ముందు నేను తల దించుకోవలసిన అవసరం వచ్చేది కాదు.

నరసింహ కూతురు భవిత దుండిగల్ వైపు ఇంజనీరింగు కాలేజీలో ఆఖరి సంవత్సరం చదువుతోంది. మొన్న ఏప్రిల్ నెల మొదట్లో ఒకరోజు కాలేజీ నుంచి వస్తూనే సంచీ అరుగు మీద పడేసి నా పక్కన కూర్చుంది.

"అవ్వా, నీ మిరపకాయల గిన్నె నాకు గావాలె."

"ఏం జేస్తవే? మీ కాలేజీల మిరపకాయలు ఎండబోస్తరా?"

"సూర్యుని సప్పుడు ఇంటా."

"సూర్యునికి సప్పుడేందే? ఎండకు నీ తలకాయ తిరిగిందా?"

"ఉంటదవ్వా. మన చెవులకు ఇనరాదంతే. గా డిష్షు పట్టుకుంటది, కంప్యూటరు మనకు ఇనిపిస్తది. గిదే నా ఆఖరి పరీక్ష. మా సార్లు ఇంటికొచ్చి చూస్తరు."

కాలేజీ సార్లు ఇంటికి వస్తారనగానే నరసింహ చెవులు నిక్కబొడుచుకున్నాయి. వాడికి కూతురంటే ప్రాణం, పైగా ఊళ్లో పేరంటే ఇంకా ప్రాణం. "పెడదాం బిడ్డా, మంచిగ పెడదాం. ఎంకయ్యను పిలువున్రి" అన్నాడు.

ఎంకయ్య మా ఊరి మేస్త్రీ. చెరువు కట్ట దిగువన ఉంటాడు. మొదట్లో వాళ్లింట్లో అందరూ చేపల పనే. ఇతను ఒక్కడే తాపీ పట్టాడు. మా కొట్టం కట్టింది ఇతనే, మా బావి గట్టు కట్టింది ఇతనే, ఇప్పుడు మేముంటున్న డాబా పునాది నుంచి పిట్టగోడ దాకా ఇతనే. భార్య సాలమ్మ ముప్పై ఏళ్లు నాతో పాటు మా పొలంలో నాట్లు వేసింది. ఆ ఇద్దరూ నన్ను 'అక్కా' అని తప్ప ఇంకోలా పిలిచి ఎరగరు. ఊరి బయట నరసింహ వేస్తున్న కొత్త ప్లాట్లకు చుట్టూ ప్రహరీ గోడ కట్టాలి. ఆ పనికి ఎంకయ్యే పెద్ద మేస్త్రీ అని నరసింహ మాటిచ్చి ఉన్నాడు. అరవై దాటిన మనిషికి ఇటుకలు మోసే పని తప్పి, నిలబడి చేయించే పని దొరకడమంటే మాటలా? సాలమ్మ ఆ సంగతి చెబుతూ ఊరంతా తిరిగింది.

సరే, డిష్షు సంగతికి వస్తాను. దాన్ని విప్పితే ఆరు రేకులైంది. ఒక్కో రేకూ పెద్ద చేటంత. సాలమ్మా నేనూ చింతపండు పెట్టి తోమాం. బర్రె తొక్కిన చోట జాలీ సొట్టపోతే ఎంకయ్య చెక్క సుత్తెతో, పసిపిల్ల వీపు నిమిరినంత మెల్లగా సాపు చేశాడు. మళ్లీ బిగించేటప్పుడు ఒకవైపు మరలన్నీ ముందే గట్టిగా తిప్పితే గిన్నె వంకర పోతుందట. ఎదురెదురుగా కొద్ది కొద్దిగా బిగించాలి. వంకర ఉందో లేదో చూడటానికి భవిత అంచు నుంచి అంచుకు రెండు దారాలు అడ్డంగా కట్టింది. రెండూ నడిమధ్య ఒకదానికొకటి తగిలీ తగలనట్టుండాలి. ఆ దారాలు లాగి ముడి వేయడం ఆ పిల్లకు చేతకాలేదు. నవారు మంచాలు అల్లిన చేతులు నావి. నేను కట్టాను. దారాలు రెండూ నడిమధ్య ముద్దు పెట్టుకున్నట్టు తగిలాయి.

"అవ్వా, నువ్వు సదువుకుంటే మా సార్ల కన్న పెద్ద ఇంజనీరు అయితుంటివి" అంది భవిత.

ఆ మాట నా నెత్తికెక్కింది. దాచుకోవడం దేనికి, ఎక్కింది.

మరునాడు ఎంకయ్య పెరట్లో నడుం లోతు గుంత తవ్వాడు. గుంజకని, అడుగున ఇనుప చువ్వలు అడ్డంగా అతికించిన లావుపాటి పైపు తెప్పించాడు. గుంత గట్టున కూర్చుని బీడీ కాల్చుకుంటూ నాతో అన్నాడు:

"అక్కా, గిది టీవీ సామాను అనుకోకు. గాలిని పట్టే గొడుగు. చెరువు మీది గాలి వచ్చిందనుకో, కింద పట్టు లేకుంటే గుంజను గూడ లేపుకపోతది."

"పిల్ల దీని కిందనే కూసుంటదట గదనే ఎంకన్నా."

"అందుకే జెప్తున్న. కింద పట్టు గట్టిగుండాలె."

రోజంతా నాకు అదే ధ్యాస. మా అత్తగారి పాత ఇల్లు గుర్తొచ్చింది. డంగు సున్నంతో కట్టిన ఇల్లది. నేను కొత్త కోడలిగా వచ్చిన ఏడాదే దానికి ఇంకో రెండు గదులు పెంచారు. వాకిట్లో గానుగ, దాని చుట్టూ ఎద్దు, గానుగలో సున్నం, ఇసుక, కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు. పొద్దున్నే మా మామ బెల్లం తూచి ఇచ్చేవాడు. తూచిన బెల్లంలోంచి ఒక పలుకు తీసి బుగ్గన పెట్టుకున్నందుకు మా అత్త నన్ను చీపురుతో ఇంటి చుట్టూ తరిమింది. డాబా కట్టడానికి ఆ ఇంటిని పడగొట్టిన నాడు కూల్చే మిషను పన్ను ఒకటి విరిగింది. మూడు రోజులు పట్టింది గోడ కూలడానికి. అప్పుడు ఎంకయ్యే అన్నాడు, "అక్కా, గిది సున్నం గాదు, ఉక్కు. మీ మామ తినిపిచ్చిన బెల్లం బలం" అని.

బెల్లానికి అంత బలం ఉన్నప్పుడు నా మనవరాలు కూర్చునే చోట ఎందుకు పెట్టకూడదు?

తెల్లవారి వాళ్లు వచ్చేలోపు మూడు కిలోల బెల్లం దంచి, గోరువెచ్చని నీళ్లలో కరిగించాను. బెల్లంలో ఇసుకా పుల్లలూ ఉంటాయని, అవి సిమెంటును పాడుచేస్తాయని, పాత పంచెలో వడకట్టాను. చూశారా నా జాగ్రత్త! సిమెంటు కలపడానికి నింపిపెట్టిన ఇనుప డ్రమ్ములో ఆ పాకమంతా పోసి కర్రతో కలిపాను. అది తుప్పు డ్రమ్ము, అందులో నీళ్లెప్పుడూ ఎర్రగానే ఉంటాయి. రంగు తేడా ఎవరికీ తెలియలేదు.

ఎంకయ్యను ఒక్క మాట అడగవచ్చు. కొబ్బరికాయ కొట్టనా అంటే "కొట్టక్కా" అన్నాడు. గుంజకు పసుపు రాయనా అంటే "రాయి" అన్నాడు. ఆ రెండూ అడిగినదాన్ని మూడోది అడగలేదు. వద్దంటాడేమోనని అడగలేదు. వద్దంటాడని అనుమానం ఉన్నప్పుడు చేయకూడదన్న బుద్ధి ఉండాలి కదా. ఇంజనీరునని అప్పటికే నెత్తికెక్కి కూర్చుంది.

ఎంకయ్య కంకర, ఇసుక, రెండు బస్తాల సిమెంటు కలిపాడు. సాలమ్మ డ్రమ్ములోంచి నీళ్లు అందించింది. గుంత ముక్కాలు వంతు నిండేసరికి డ్రమ్ము అయిపోయింది. సాలమ్మ బోరు మోటారు వేసి మళ్లీ నింపింది. పై జానెడు మందం ఆ కొత్త నీళ్లతోనే పడింది. ఎంకయ్య దారానికి కట్టిన ఇనుప గుండు వేలాడదీసి నాలుగు వైపుల నుంచీ పైపు నిలువు చూశాడు. మూడు కర్రలు ఆసరాగా కట్టాడు. పైన తాపీతో అద్దంలా నున్నగా తీశాడు.

ఎనిమిది రోజులు దానికి నీళ్లు పట్టాం. రోజూ సాయంత్రం ఎంకయ్య వచ్చి తాపీ పిడితో కొట్టి చూసేవాడు. పైది మంచి నీళ్లతో కలిపింది కదా, టంగుమనేది. "రాయి లెక్కయింది" అనేవాడు. నేను లోపల్లోపల మురిసిపోయేదాన్ని, అది నా బెల్లం గొప్పేనని.

తొమ్మిదో రోజు డిష్షు ఎక్కించారు. అంచు పట్టుకుని లేపితే మడత పడుతుందని, వెనక చట్రం పట్టుకుని నలుగురు పాడెలా కాకుండా పల్లకీలా మోశారు. ఇటు నరసింహ, ఎంకయ్య, అటు నరసింహ వెంట తిరిగే జైపాల్, మా పాలేరు. భవిత "మెల్లగ, మెల్లగ" అని చుట్టూ తిరిగింది. గిన్నె నడిమధ్య మూడు కాళ్ల మీద చిన్న డబ్బా ఒకటి ఉంటుంది. సూర్యుడి వైపు తిప్పుతూ పోతే ఆ డబ్బా నీడ వచ్చి వచ్చి గిన్నె నడిబొడ్డున పడుతుంది. పడిందంటే సూర్యుడు దొరికినట్టే. పడింది. కంప్యూటరులోంచి చప్పుడు వచ్చింది. చేటలో బియ్యం చెరిగితే వస్తుందే, అచ్చం అట్లాగే, ఆగకుండా.

"గింతేనా?" అన్నాడు నరసింహ.

"గింతే బాపూ!" అని పిల్ల గంతులేసింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. డెబ్బై మూడేళ్లు ఆ సూర్యుడి ఎండలో బతికి, ఆయన గొంతు అప్పుడే విన్నాను.

రెండు రోజుల తర్వాత కాలేజీ సార్లు ముగ్గురు వచ్చారు. నరసింహ కుర్చీలు వేయించాడు, ఊళ్లో నలుగురినీ పిలిచాడు. ఎంకయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చి గోడ వారన నిలబడ్డాడు. సార్లు భవితను అవీ ఇవీ అడిగారు, చప్పుడు విన్నారు, తలలూపారు. చాయ్ తాగడానికి అరుగు మీదికి వచ్చారు. భవిత చార్జింగు తీగ కోసం ఇంట్లోకి వెళ్లింది.

అప్పుడు లేచింది గాలి. మబ్బు లేదు, ఉరుము లేదు. చెరువు వైపు నుంచి ఎర్ర దుమ్ము గోడలా లేచి వచ్చింది. డిష్షు ఒక్కసారి ఊగింది. రెండోసారి ఊగినప్పుడు నున్నటి గచ్చు టప్పున పగిలింది. మూడోసారికి గుంజతో సహా ఒరిగి పడింది. అంతకు ముందు పిల్ల కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీ దాని కింద ముక్కలైంది.

దుమ్ము తగ్గాక అందరం వెళ్లి చూశాం. పై జానెడు గచ్చు మూతలా లేచింది. దాని కింద అంతా తడి ముద్ద. పన్నెండు రోజులైనా పేడలా ఉంది. పులిసిన వాసన సన్నగా కొడుతోంది. ముద్ద అంచున చీమల బారు.

ఆ వాసన నా ముక్కుకు తగిలిన క్షణమే నాకు తెలిసిపోయింది. ఇంకెవరికీ తెలియకపోయినా నాకు తెలుసు. మా ఇంట్లో ఏ కుండలో బెల్లం పులిసినా ఆ వాసన పట్టేది నేనే.

నరసింహ వంగి ఒక గుప్పెడు తీసి నలిపాడు.

"సిమెంట్ ఏడ వోయింది ఎంకయ్యా?"

"రెండు బస్తాలు గుమ్మరిచ్చిన పటేలా."

"రెండు బస్తాలు వోస్తే గిట్లుంటదా? నా బిడ్డ పాణం వోతుండె!"

"మొన్న గీయన ఇంటి ముంగట కొత్త గచ్చు జూసిన అన్నా" అన్నాడు జైపాల్. ఎవరూ అడగకుండానే అన్నాడు.

"గది మేడ్చల్‌ల పనికాడ మిగిలింది. వాళ్లనడుగు" అన్నాడు ఎంకయ్య. "రెండు బస్తాలు సాలమ్మ ముంగట్నే కోసిన. అక్క గూడ ఉన్నది. అక్కనడుగు."

అందరూ నా వైపు చూశారు.

నోరు తెరిస్తే అయిపోయేది. అక్కడ సార్లున్నారు, ఊరివాళ్లున్నారు, ముక్కలైన కుర్చీ ఉంది. నీ మనవరాలిని నువ్వే చంపబోయావని అంటారేమోనని భయపడ్డాను. కొంగు సర్దుకున్నాను. "కోసిన్రు... ఒకటి జూసిన, రెండోది నేను ఇంట్లకు వోయి ఉంటి" అన్నాను. అబద్ధం. రెండూ చూశాను.

ఎంకయ్య గుంత దగ్గర గొంతుక్కూర్చున్నాడు. కొంచెం ముద్ద తీసి వేళ్ల మధ్య రాశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చీమలను చూశాడు. తల ఎత్తి నన్ను చూశాడు. ఒక్కసారే. ముద్దను తిరిగి గుంతలో వేసి, డ్రమ్ములో చేతులు కడుక్కుని లేచాడు.

"ప్రహరీ పనికి రాకు ఇగ" అన్నాడు నరసింహ వెనక నుంచి. "జైపాల్, గండయ్య మేస్త్రీకి ఫోన్ గొట్టు."

సార్లు మంచివాళ్లు. భవితకు ఇంకో మూడు వారాలు గడువిచ్చారు. పిల్ల మాత్రం రోజూ కాగితాలు ముందేసుకుని గాలి బలం, గుంజ పొడుగు లెక్కలేసుకునేది. "అవ్వా, నాదే ఏదో తప్పయింది, ఏందో దొరుకుతలేదు" అనేది. నేను ఆమె తలకు నూనె రాస్తూ, "నీ తప్పు గాదు బిడ్డా" అనేదాన్ని. మరి ఎవరిదో చెప్పేదాన్ని కాదు. ఎంకయ్యకు వేరే చోట పని దొరుకుతుందిలే అనుకున్నాను. నరసింహ కోపం నాలుగు రోజులే అనుకున్నాను. ఇట్లా రోజుకొకటి అనుకుంటూ పది రోజులు గడిపాను. అన్నం మాత్రం తిన్నాను, అదే నాకు సిగ్గు.

పదకొండో రోజు సాలమ్మ వచ్చింది. పెళ్లికో పేరంటానికో ఎప్పుడో తీసుకుపోయిన నా ఇత్తడి గిన్నె తెచ్చింది. ఎప్పుడూ పెరటి వాకిట్లోంచి "అక్కా, ఏం కూరొండినవ్?" అని అరుస్తూ వచ్చే మనిషి, ముందు గేటు దగ్గర నిలబడి గొళ్లెం చప్పుడు చేసింది.

"గాడ నిలబడ్డవేందే? లోపటికి రా."

"వద్దు దొరసాని. గిన్నె ఇచ్చిపోదామని వచ్చిన."

"గా మాట ఎన్నడన్న అన్నవానే నన్ను?"

"ఇప్పుడనాలె గద. దొంగోళ్లు అక్కా అంటే మీ ఇజ్జత్ వోతది."

"సాలమ్మా..."

"మా ఆయన ఏం జేస్తాండో ఎరుకేనా? ఊళ్లోళ్లు పిలుస్తాన్రు, మా గోడ జూడు, మా స్లాబు జూడు, పిల్లలు పండుకుంటరు, పడ్తదేమో అని. పొద్దుగాల తాపీ వట్టుకొని ఇంటింటికి వోతాండు. ముప్పై ఏండ్ల సంది కట్టిన గోడలన్ని కొట్టి ఇనిపిస్తాండు. ఇను, టంగుమంటాంది, ఇను, టంగుమంటాంది అనుకుంట. ఒక్కటన్న పుసుక్కుమన్నదా? నువ్వే చెప్పు."

గిన్నె గేటు దిమ్మె మీద పెట్టి వెళ్లిపోయింది. తోమి, తళతళలాడేటట్టు తోమి తెచ్చింది. ఆ దిమ్మె కూడా ఎంకయ్య కట్టిందే.

ఆ మధ్యాహ్నం నరసింహ అన్నం తింటుండగా చెప్పాను. భవిత పక్కనే ఉంది.

"గుంజ పడ్డది ఎంకయ్య తోని గాదు బిడ్డా. నా తోని. డ్రమ్ముల మూడు కిలోల బెల్లం కలిపిన."

నరసింహ ముద్ద ఆపి నన్ను చూశాడు. తర్వాత పడీ పడీ నవ్వాడు. "అమ్మా, ఎంకయ్య మీద పావురం, ప్రేమ ఉంటే ఉండనియ్యి. గానీ గిసొంటి కథలు జెప్పకు. బెల్లం వోస్తే సిమెంటు గట్టివడదా? బెల్లం తోనే మన పాత ఇల్లు కట్టిన్రని నువ్వే గద ఇన్నేండ్ల సంది మా చెవులు తింటివి."

పది రోజులు నిజం దాస్తే ఎవరూ అడగలేదు. తీరా చెబితే ఎవరూ నమ్మలేదు!

భవిత నవ్వలేదు. "బాపూ, ఉండు. సున్నం వేరు, సిమెంటు వేరు" అంది. లేచి వంటింట్లోంచి రెండు కొబ్బరి చిప్పలు తెచ్చింది. రెండింటిలోనూ సిమెంటూ ఇసుకా పోసింది. ఒకదాంట్లో ఉత్త నీళ్లు, రెండో దాంట్లో బెల్లం నీళ్లు. కలిపి కిటికీలో పెట్టింది. నాతో మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు.

రెండు రోజులు నేను గంటకొకసారి ఆ కిటికీ దగ్గరికి వెళ్లాను. దేవుడా, ఇది గట్టిపడొద్దు అని మొక్కాను. తన తప్పు రుజువు కావాలని మొక్కుకున్న ముసలిది ఈ చుట్టుపక్కల నేనొక్కతినే అయి ఉంటాను.

మూడోనాడు నరసింహ వచ్చి మొదటి చిప్పను గోడకు కొట్టాడు. చిప్ప బీటలిచ్చింది, సిమెంటు పగల్లేదు. రెండో దాంట్లో బొటనవేలు పెట్టాడు. వేలు గోరు దాకా దిగింది. వాడు వేలు గోడకు తుడుచుకున్నాడు.

"నలుగురి ముంగట దొంగ అన్న" అన్నాడు.

"అన్నవు. నేను అననిచ్చిన."

"ఫోన్ జేసి రమ్మంటా."

"ఫోన్ గీన్ గాదు. నలుగురి ముంగట దొంగను జేసినం, నలుగురి ముంగటకెల్లి పోదాం. నడిసి."

రెండు చిప్పలూ నేనే పట్టుకున్నాను. హోటల్ దగ్గర కూర్చున్నవాళ్లు చూశారు.

"ఏంది దుర్గాబాయక్కా, ఈ వయసుల చిప్ప చేతికొచ్చింది?"

"అడుక్కోనీకి వోతున్న నాయినా. ఎంకయ్య కాడికి." అని, ఆగి, ఇద్దరికీ ముగ్గురికీ చిప్పలు చూపించి, బెల్లం సంగతంతా చెప్పాను. ఒకడు వేలు పెట్టి చూసి నవ్వాడు. నవ్వనీ. నరసింహ తల వంచుకుని నిలబడ్డాడు. జైపాల్ కూడా అక్కడే ఉన్నాడు. మెల్లగా బండి తీసుకుని జారుకున్నాడు.

ఎంకయ్య ఇంటి ముందు కూర్చుని తాపీకి అంటిన మట్టి గీకుతున్నాడు. మమ్మల్ని చూసి లేవలేదు. సాలమ్మ గడపలోనే నిలబడింది.

"తప్పయింది ఎంకయ్యా" అన్నాడు నరసింహ.

"ఎవలిది?"

"నాది" అన్నాను నేను. "సిమెంటు నీళ్లల్ల బెల్లం కలిపిన. రెండో బస్తా కోసింది గూడ జూసిన. జూడలేదన్న."

ఎంకయ్య చిప్పల వైపు కూడా చూడలేదు. "నాకెరుకే అక్కా. సిమెంటుకు చీమలు వట్టంగ ఎన్నడన్న జూసినమా?"

నరసింహ అదిరిపడ్డాడు. "ఎరుకుంటే గప్పుడే ఎందుకు జెప్పలే?"

"నేను జెప్తే నమ్ముదువా పటేలా? దొంగతనం జేసి ముసలామె మీద వెడ్తున్నడందురు." తాపీని పక్కన పెట్టాడు. "అయినా అక్కనే జెప్తదిలే అనుకున్న. దినాం పొద్దుగాల అనుకున్న, ఇయ్యాల జెప్తది, ఇయ్యాల జెప్తది అని. పదమూడు దినాలు."

కొట్టినా బాగుండేది. ఆ పదమూడు పొద్దులూ అతను అక్కడ కూర్చుని మా ఇంటి వైపు చూస్తుంటే, నేను ఇక్కడ భవిత తలకు నూనె రాస్తూ ఉన్నాను.

గండయ్యను మాన్పించి ప్రహరీ పని తిరిగి ఇస్తానన్నాడు నరసింహ. ఎంకయ్య ఒప్పుకోలేదు. "ఆయన పునాది తీసిండు. నోటికాడిది గుంజుకుంటే నాకు నీకు ఏం ఫరక్? గేటు కాడి రెండు స్తంభాలు నాకియ్యి. రోడ్డు మీద వోయేటోళ్లకు కనపడేటియి." అంతే అడిగాడు.

ఆ ఆదివారం మా పెరట్లో కొత్త గుంత తవ్వాడు. నరసింహ స్వయంగా సిమెంటు బస్తాలు మోసి, అందరి ఎదుటా తన చేత్తోనే కోశాడు. సాలమ్మ రాలేదు. నీళ్లు అందించడానికి మనిషి లేక అందరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

"అక్కా, నువ్వు ముంచియ్యి" అన్నాడు ఎంకయ్య.

డ్రమ్ములో చెంబు ముంచి ఇచ్చాను. సగం నా కాళ్ల మీదే ఒలికింది. అతను చెంబు అందుకుని, సిమెంటులో పోయకుండా, దోసిట్లోకి కొంచెం వంపుకుని నోట్లో పోసుకున్నాడు. పుక్కిలించాడు. మింగాడు.

"సప్పగనే ఉన్నయ్" అన్నాడు.

భవిత పగలబడి నవ్వింది, నరసింహ నవ్వాడు, నేనూ నవ్వాను. ఎంకయ్య మాత్రం నవ్వలేదు. చెంబు సిమెంటులో వంచి, పార అందుకున్నాడు.

డిష్షు ఇప్పుడు నిలబడే ఉంది. ఆ తర్వాత రెండు గాలులు చూసింది, కదల్లేదు. భవిత పరీక్ష పాసైంది. ప్లాట్ల దగ్గర గేటు స్తంభాలు కూడా లేచాయి. షామీర్‌పేట రోడ్డు మీద పోయేవాళ్లు చూస్తూ పోతున్నారు. సాలమ్మ మళ్లీ మా ఇంటికి వస్తోంది. మళ్లీ 'అక్కా' అంటోంది కూడా. వచ్చేది మాత్రం ముందు గేటు నుంచే.

మొన్న మా బావి గట్టు కొంచెం పెచ్చులూడితే ఎంకయ్య వచ్చాడు. ఎండలో వచ్చాడు కదా అని చెంబుతో తాగే నీళ్లిచ్చాను. ముందు నాలుకకు ఒక చుక్క తగిలించుకుని చూసి, ఆ తర్వాతే తాగాడు. ఆ సంగతి తనకే తెలియదనుకుంటాను. నేను చూశాను.